ఆది జాకెట్టు ఇంట్లోనే వదిలెయ్

ప్రశ్న: అక్కయ్యగారూ, మాది అమలాపురం దగ్గర ఒక ఊరు. వయసు 34. ప్రైవేటు స్కూల్లో టీచర్ని. పాపకు తొమ్మిదేళ్ళు, బాబుకు మూడున్నర. బాబు పుట్టాక 61 కిలోల నుంచి 72 కిలోలకు వచ్చాను. మొన్న సంక్రాంతికి బట్టలు కొనడానికి వెళ్తే ఎక్స్‌ఎల్ పట్టలేదు, డబుల్ ఎక్స్‌ఎల్ తీసుకోవాల్సి వచ్చింది. ట్రయల్ రూములోనే ఏడ్చేశాను. పండక్కి పుట్టింటికి వెళ్తే అందరూ "బాగా ఒళ్ళు చేశావే" అన్నవాళ్ళే. కనుమనాడు ప్రభల తీర్థానికి కూడా వెళ్ళకుండా తలనొప్పి అని చెప్పి పడుకున్నాను. మాఘంలో మా పిన్ని కూతురి పెళ్ళి ఉంది. ఇంకా పద్దెనిమిది రోజులే. అమ్మ పట్టుచీర కొంది. నా పాత ఆది జాకెట్టు ఇచ్చి కుట్టిస్తే హుక్కులు అందలేదు. దర్జీ నలుగురి ముందూ "పాత ఆది ఇస్తే ఎలాగండీ, మీరు మారారు కదా" అన్నాడు. ఆ పెళ్ళికి రాలేనని ఏదో ఒకటి చెప్పేద్దామనుకుంటున్నాను. పొద్దున టిఫిన్ మానేసి నిమ్మరసం, తేనె తాగుతున్నాను. మధ్యాహ్నం బాక్సులో సగమే తింటాను. కానీ రాత్రి అందరూ పడుకున్నాక ఆకలి ఆగక అన్నం, అరిసెలు, ఏది దొరికితే అది తినేసి ఏడుస్తున్నాను. నెలసరి కూడా రెండు నెలలకోసారి వస్తోంది. మావారు ఏమీ అనరు, అదే నాకు ఎక్కువ భయం. మా స్కూల్లో ఒక టీచరు బరువు తగ్గే పొడి అమ్ముతోంది, నెలకు ఐదు వేలట. తీసుకోమంటారా? మా పాప కూడా ఈమధ్య రెండో ఇడ్లీ వద్దంటోంది.

సమాధానం:

అమ్మా, నువ్వు అక్కయ్యగారూ అని పిలిచావు కాబట్టి చనువుగా నువ్వు అనే రాస్తున్నాను.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి చివరి వాక్యం దగ్గర ఆగిపోయాను. పొడి సంగతి అడిగి, దాని పక్కనే పాప ఇడ్లీ సంగతి ఊరికే రాసినట్టు రాశావు. నీ బరువు, నీ జాకెట్టు తర్వాత చూద్దాం. ముందు పాప.

తొమ్మిదేళ్ళ పిల్ల ఇడ్లీ వద్దందంటే కడుపు నిండి ఉండొచ్చు, కొబ్బరి పచ్చడి కారంగా ఉండొచ్చు. కానీ రోజూ రెండోది వద్దంటోందంటే ఏదో లెక్క వేసుకుంటోంది. అమ్మ పొద్దున్నే నిమ్మరసం తాగి ఊరుకోవడం చూస్తోంది. అద్దం ముందు అమ్మ తనను తాను ఏమని తిట్టుకుంటుందో వింటోంది. పండగనాడు అమ్మమ్మగారి ఇంట్లో అమ్మను అందరూ ఏమన్నారో, అమ్మ మొహం ఎలా అయిపోయిందో కూడా చూసింది. తొమ్మిది నుంచి పదకొండేళ్ళ మధ్య చాలామంది ఆడపిల్లలకు కాస్త ఒళ్ళు వస్తుంది. పెద్దమనిషి కాబోయే ముందు పొట్ట దగ్గరా నడుము దగ్గరా కొంచెం కండ పట్టి, ఆ తర్వాత ఎత్తు సాగుతారు. ఆ వయసులో కడుపు మాడ్చుకుంటే ఎముకకూ రక్తానికీ దెబ్బ.

కాబట్టి రేపు పొద్దున నువ్వు పాప పక్కన కూర్చుని టిఫిన్ తిను. దానికి క్లాసు చెప్పినట్టు ఏమీ చెప్పొద్దు. నువ్వు తింటుంటే అది చూడాలి, అంతే. బరువు చూసే మిషన్ ఇంట్లో ఉంటే దాని కంట పడకుండా తీసెయ్. "అమ్మా, నేను లావుగా ఉన్నానా?" అని ఏదో ఒక రోజు అడుగుతుంది. "ఎదుగుతున్నావు తల్లీ, తిను" అని ఇంకో ఇడ్లీ వెయ్యి. నెలరోజులు చూసినా తినకపోతే పిల్లల డాక్టరుకు చూపించు.

ఇక నీ జాకెట్టు.

మా అమ్మకు తన సైజు ఎంతో చివరిదాకా తెలియదు. పాలకొల్లు దగ్గర మా పల్లెలో వీధరుగు మీద మిషను పెట్టుకుని ఊళ్ళో వాళ్ళందరికీ జాకెట్లు కుట్టేది. లోపల గుడ్డ వదిలి పక్కకుట్లు ఒకదాని పక్కన ఒకటి మూడు వేసేది. కానుపై మూడో నెల దాటాక పిల్ల తల్లి వస్తే ఒక కుట్టు విప్పేది. ఇంకో ఏడాదికి ఇంకోటి. నాట్ల రోజుల్లో పనికి వెళ్ళి చిక్కిపోయినవాళ్ళకు మళ్ళీ లోపలికి వేసేది. కుట్టు విప్పుతుంటే ఏడ్చిన మనిషిని నేను చూడలేదు. ఒళ్ళు మారుతుంది, గుడ్డను దానికి తగ్గట్టు సర్దాలి అనుకునేవారు. ఐదున్నర మీటర్ల చీర సన్నవాళ్ళకూ లావువాళ్ళకూ ఒకటే కదా.

ఈ ఎక్స్‌ఎల్, డబుల్ ఎక్స్‌ఎల్ మనకు రెడీమేడ్ దుకాణాలతో వచ్చాయి. ఆ అక్షరాల వెనక ఏముందో తెలిస్తే నీ ఏడుపు కొంత తగ్గుతుందనిపిస్తోంది. మన దేశానికి చాలాకాలం తనదంటూ ప్రామాణిక సైజుల పట్టికే లేదు. బట్టల కంపెనీలు అమెరికా, బ్రిటన్ కొలతలు తెచ్చి అటూ ఇటూ సర్ది వాడుకుంటూ వచ్చాయి. అందుకే 2018లో కేంద్ర ప్రభుత్వం హైదరాబాదుతో కలిపి ఆరు నగరాల్లో 25 వేల మంది కొలతలు తీసి మన పట్టిక మనమే తయారు చేసుకుందామని ఒక పని తలపెట్టింది. నిఫ్ట్ అనే జాతీయ ఫ్యాషన్ విద్యాసంస్థకు అప్పగించారు. మన ఒంటి తీరు కోసం కొలవని పట్టికలో నువ్వు ఏ గడిలో పడ్డావన్నదాని గురించి ట్రయల్ రూములో ఏడ్చావు తల్లీ. పక్క కొట్టుకి వెళ్ళి చూడు, ఒక కంపెనీ ఎక్స్‌ఎల్ ఇంకో కంపెనీకి డబుల్ ఎక్స్‌ఎల్.

అలాగని నువ్వు పెరగలేదని నేను అనను. పదకొండు కిలోలు పెరిగావు, అది నిజం. నీకు బాధగా ఉండటమూ నిజమే. నా సంగతి ఒకటి చెప్తాను.

నాకు 41వ ఏట గర్భసంచి తీశారు. ఏడాదిన్నరలో తొమ్మిది కిలోలు పెరిగాను. తర్వాత ఆరేళ్ళు పట్టుచీర కట్టలేదు, ఫొటో అనగానే వంటింట్లోకి వెళ్ళిపోయేదాన్ని. ఆ రోజుల్లోనే మా అక్క కూతురి పెళ్ళి జరిగింది. మొన్నామధ్య ఆ అమ్మాయి కొడుకు ఆల్బమ్ తిప్పుతూ "చిన్నమ్మమ్మా, నువ్వు అమ్మ పెళ్ళికి రాలేదా?" అని అడిగాడు. వచ్చాను. మూడు రోజులూ అక్కడే ఉన్నాను. పందిట్లో తాంబూలాలు సర్దింది నేనే, పెళ్ళికూతురికి బుగ్గన చుక్క పెట్టింది నేనే. వాడికి చూపించడానికి ఒక్క ఫొటో లేదు. ఆ పూటంతా నాకు అన్నం సయించలేదు.

కనుమనాడు పదకొండు ఊళ్ళ ప్రభలు వరిచేల మీదుగా, నీళ్ళలోంచి దిగి జగ్గన్నతోటకు వస్తుంటే నువ్వు తలుపేసుకుని పడుకున్నావు. ఏడాదికి ఒక్కసారి వచ్చే రోజు. ఈ పెళ్ళి కూడా అలా పోనివ్వకు.

"ఒళ్ళు చేశావే" అన్నవాళ్ళ సంగతి. మన వైపు ఈ మాటకు పాత అర్థం వేరు. పిల్ల పుట్టింటికి రాగానే ఒళ్ళు చూసేవారు. కండపట్టి కనబడితే అత్తవారింట్లో బాగా చూసుకుంటున్నారని సంబరం. చిక్కిపోయి కనబడితే తల్లి కళ్ళనీళ్ళు పెట్టుకునేది. ఆ పిన్నిగార్లకు ఇంకా అదే అలవాటు, నోటికి ముందొచ్చే పలకరింపు అది. అందరూ ప్రేమతోనే అన్నారని చెప్పను, ఒకరిద్దరు గుచ్చడానికే అని ఉంటారు. ఇద్దరికీ ఒకటే జవాబు చాలు: "ఆయ్, పెరిగానండి పిన్నిగారూ. మీరంతా కులాసానా?" నువ్వే ఒప్పేసుకున్నాక ఆ మాట ఇంక సాగదు. మందులు, డైటు చెప్పడం మొదలుపెడితే "డాక్టరుకు చూపించుకుంటున్నానండి" అని లేచి వెళ్ళిపో.

నిజంగానే చూపించుకోవాలి కూడా. నెలసరి రెండు నెలలకోసారి వస్తోందన్న మాట నీ ఉత్తరంలో నాకు సైజు కంటే పెద్దగా కనబడింది. ముందు గర్భం లేదని తేల్చుకో. తర్వాత ఆడవాళ్ళ డాక్టరు దగ్గరకు వెళ్ళి థైరాయిడ్‌కి టీఎస్‌హెచ్, పరగడుపున షుగరు, హిమోగ్లోబిన్ చేయించుకో. పీసీఓఎస్, అంటే హార్మోన్ల తేడాతో వచ్చే అండాశయాల సమస్య, ఉందేమో వాళ్ళు చూస్తారు. బాబు పుట్టాక పిల్లలు పుట్టకుండా మూడు నెలలకోసారి వేసే అంతర ఇంజెక్షన్ తీసుకుంటున్నావా? తీసుకుంటుంటే ఆ మాట డాక్టరుకు తప్పకుండా చెప్పు. అది నెలసరిని అటూ ఇటూ చేస్తుంది, కొందరిలో బరువూ పెంచుతుంది. ఉబ్బసానికో కీళ్ళకో స్టెరాయిడ్లు, ఫిట్స్‌కి, మనసు బాగోనప్పుడు వాడే కొన్ని మందులు కూడా అంతే. వాటిని నీ అంతట నువ్వు ఆపకు, చెప్పు చాలు. ఒకవేళ థైరాయిడ్ ఉందని తేలినా అన్నీ దాని మీద వెయ్యకు. దానివల్ల పెరిగేది మామూలుగా నాలుగైదు కిలోలకు మించదు, అందులోనూ ఎక్కువ భాగం ఉప్పూ నీరూ. పరీక్ష లేకుండా, సన్నబడతామని పక్కింటివాళ్ళ థైరాయిడ్ మాత్రలు మింగేవాళ్ళు ఉన్నారు. గుండె మీదకు వస్తుంది, ఆ పని ఎప్పుడూ చేయకు.

ఇంకో రెండు అంకెలు చెప్తాను, టీచరువి కాబట్టి గుర్తుంటాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 36 మంది ఉండాల్సిన బరువు కంటే ఎక్కువున్నారు. అదే సర్వేలో నూటికి 59 మందికి దగ్గరగా రక్తహీనత. ఈ రెండు గుంపుల్లోనూ ఉన్నవాళ్ళు ఎంతోమంది. ఒంటి నిండా కండ ఉండీ ఒంట్లో రక్తం లేనివాళ్ళు. అలాంటి ఒళ్ళు చూసి "తిండి ఎక్కువైంది" అని పొద్దుటి టిఫిన్ కోసేస్తే ఏమవుతుందో నీకే తెలుసు. నువ్వే రాశావు.

పొద్దున నిమ్మరసం, మధ్యాహ్నం సగం బాక్సు, అయిదు పీరియడ్లు నిలబడి పాఠం, ఇంటికొచ్చి పిల్లల హోంవర్కు, వంట. రాత్రి పదింటికి నీ ఒళ్ళు పొద్దుటి బాకీ వసూలు చేసుకుంటోంది. దానికి నిన్ను నువ్వు తిట్టుకోవడం అన్యాయం. నువ్వే కాదు, ఎవరైనా అలాగే తింటారు. కాబట్టి పొద్దున్నే తిను. పెసరట్టు ఉంటే పెసరట్టు, ఇడ్లీ ఉంటే ఇడ్లీ, ఒక గుడ్డు. మధ్యాహ్నం అన్నం మానకు. కంచంలో అన్నం ఎంత పెట్టుకుంటావో అంత చోటు కూరకూ పప్పుకూ ఇవ్వు. మన గోదావరి జిల్లాల్లో అన్నం కొండలా, కూర గోరంతగా పెట్టుకోవడం అలవాటు, మార్చుకోవాల్సింది అదొక్కటే. చేపల పులుసు పెట్టుకున్న రోజున ముక్కలు మగవాళ్ళకూ పిల్లలకూ వేసి పులుసుతో సరిపెట్టుకోకు, నువ్వూ రెండు ముక్కలు వేసుకో. స్కూలు నుంచి రాగానే గుప్పెడు ఉడికించిన శనగలో వేరుశనగలో తిను, ఎనిమిదింటికల్లా పిల్లలతో కూర్చుని భోంచెయ్యి. అరిసె తినాలనిపిస్తే అప్పుడే, అందరి ముందూ ఒకటి తిను. రాత్రి చీకట్లో తినే నాలుగు దానంతట అవే తగ్గుతాయి. ఇలా ఒకటి రెండు నెలలు చేసినా దొంగచాటుగా తినడం, తిని ఏడవడం ఆగకపోతే, లేదా తిన్నది కక్కేయాలనిపిస్తే, అది డాక్టరు చూడాల్సిన జబ్బు. 14416 టెలీ మానస్ నంబరు, మనసు బాధలకు ప్రభుత్వం నడిపే ఫోను సాయం. ఫోను ఖర్చు ఉండదు, తెలుగులో మాట్లాడతారు. ఆ ఫోను చేయడానికి సిగ్గు పడకు.

పొడి వద్దు. నెలకు ఐదు వేలు పోసి అన్నం బదులు పొడి తాగితే బరువు తగ్గుతుంది, అన్నం మానేస్తే ఎవరికైనా తగ్గుతుంది. పొడి ఆపిన నాడు మళ్ళీ వస్తుంది. ఆ డబ్బుతో నువ్వు పరీక్షలన్నీ చేయించుకుని, పెళ్ళికి జాకెట్టు కుట్టించుకోవచ్చు. తోటి టీచరుతో మాట చెడకుండా "డాక్టరు వద్దన్నారు" అని చెప్పు.

తగ్గాలంటే ఎంత తగ్గాలి? మళ్ళీ 61కి రావాలని పట్టు పట్టకు. పీసీఓఎస్ ఉన్నవాళ్ళలో ఒంటి బరువులో నూటికి ఐదు వంతులు తగ్గినా నెలసరి దారిలో పడే అవకాశం ఉంటుంది. నీకు అది నాలుగు కిలోలు కూడా లేదు. నాలుగు కిలోలు తగ్గినా నీ సైజు డబుల్ ఎక్స్‌ఎల్లే ఉండొచ్చు. ఫరవాలేదు, ఒళ్ళు బాగుపడుతుంది. టేపు పట్టి చూడాలనుంటే నడుము చూడు. పక్కటెముక అంచుకూ తుంటి ఎముకకూ మధ్య కొలువు. మన ఆడవాళ్ళకు 80 సెంటీమీటర్లు దాటితే షుగరు, బీపీ విషయంలో జాగ్రత్త పడమంటారు డాక్టర్లు. నెలకోసారి చూసుకుంటే చాలు.

నడక కూడా కావాలి. వారానికి 150 నిమిషాలు అంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంటే అయిదు రోజులు అరగంట చొప్పున. మన కాలువగట్టు కంటే మంచి చోటు ఎక్కడుంది? పొద్దున్నే ఎండ రాకముందు లాకుల దాకా వెళ్ళి రావచ్చు. ఒక్కదానివే వెళ్తే "ఎక్కడికమ్మా?" అని పదిమంది అడుగుతారు, ఇంకో ఇద్దర్ని కలుపుకో. ఒక విషయం ఎవరూ బయటకు చెప్పరు, నేను చెప్తాను. మన కోనసీమ ఉక్కలో నడిస్తే తొడలు ఒరుసుకుని మంట పుడుతుంది, ఆ మంటకే చాలామంది రెండో రోజు నడక మానేస్తారు. లోపల మోకాళ్ళ దాకా వచ్చే నూలు షార్ట్ వేసుకో. చంకల కింద, రొమ్ముల కింద తడి లేకుండా తుడుచుకుని పలచటి నూలు బట్టలు కట్టు. బిగుతు జాకెట్టు, బిగుతు లెగ్గింగు ఈ తేమలో పుండ్లు పుట్టిస్తాయి. ఒంటికి సరిపోయే టాపులు రెండు కొనుక్కో, మెడ వెనక ఉన్న ఆ సైజు చీటీ కత్తెరతో తీసి పారెయ్.

మీవారు ఏమీ అనట్లేదని భయమన్నావు. అడగకుండా భయపడి ఏం లాభం? "నేను లావయ్యానని మీకు కష్టంగా ఉందా?" అని అడిగెయ్. చాలామంది మగవాళ్ళు ఏమంటే ఏం బాధపడుతుందోనని నోరు మూసుకుంటారు.

దర్జీ నలుగురి ముందు అనడం తప్పే. కానీ అతను చెప్పిన దాంట్లో పనికొచ్చే ముక్క ఉంది. ఆ ఆది జాకెట్టు బాబు కడుపున పడకముందు కుట్టించినది అయి ఉంటుంది. దాన్ని పట్టుకుని కొత్త జాకెట్టు కుట్టమంటే, నాలుగేళ్ళ కిందటి మనిషికి కుట్టి నిన్ను తొడుక్కోమన్నట్టే. అతని దగ్గరకు మళ్ళీ వెళ్ళడం ఇష్టం లేకపోతే కొలతలు తీసి కుట్టే ఆడవాళ్ళు మీ వైపు బోలెడంతమంది ఉంటారు. వెళ్ళేముందు లోపల వేసుకునేది సరైన సైజుది కొనుక్కుని, అది వేసుకునే వెళ్ళు. అదే బిగుతుగా ఉంటే పైన కొలత ఎలా తీసినా తేడా వస్తుంది. ఛాతీ, నడుము, చెయ్యి లూజు, భుజం, పొడవు అన్నీ కొత్తగా తీయించు. చేతుల్లో కూడా లోపల గుడ్డ వదలమను, చాలామంది పక్కల్లోనే వదిలి చేతుల సంగతి మర్చిపోతారు. ఇప్పుడు కుట్టిన పట్టు జాకెట్టు పారేయక్కర్లేదు. పక్కకుట్లు విప్పితే సరిపోతుందేమో ముందు చూడమను. చాలకపోతే చీరలో నడుము దగ్గర లోపలికి దోపుకునే కొస నుంచి జానెడు గుడ్డ తీసి చంకల కింద అతుకు వేయొచ్చు. రంగు కలిసిపోతుంది, చెయ్యి ఎత్తితే తప్ప కనబడదు. మా అమ్మ ఎన్ని పెళ్ళి జాకెట్లు అలా నిలబెట్టిందో.

ముహూర్తానికి ఇంకా పద్దెనిమిది రోజులే అన్నావు. మాఘమాసంలో మిషను ముందు జాకెట్లు గుట్టలు పడి ఉంటాయి, ఆలస్యం చేయకు. రేపు సాయంత్రమే వెళ్ళు, పాపనూ తీసుకెళ్ళు. పెళ్ళికి దానికీ లంగా జాకెట్టు కావాలిగా, పోయినేటివి ఎలాగూ పట్టవు. ఇద్దరికీ ఒకేసారి కొలతలు తీయించు. ముందు దానికి, తర్వాత నీకు. ఆది జాకెట్టు మాత్రం ఇంట్లోనే వదిలెయ్.